ముక్కు సాంబ్రాణి

కాటన్‌పేట, బెంగళూరు
జనవరి 19

వదినకు, మునిలక్ష్మి దండాలు పెట్టి రాసేది.

ఇక్కడ అందరం బాగున్నాము. మీ తమ్ముడి మోకాలి నొప్పి తగ్గింది. రోజూ మిద్దె ఎక్కి, ఆరబెట్టిన సాంబ్రాణి కప్పులను చూసి వస్తున్నారు. మీ చెవి ఇంకా మందగించిందని మీ నేత్రావతి చెప్పింది. ఫోను చేస్తే ఆ పిల్ల నా మాటలన్నీ మీ చెవిలో అరవాలి, మీ వీధంతా వింటుంది. అందుకే కాగితం పట్టుకున్నాను.

పోయిన శనివారం గుడి ముందర పూలమ్మే గంగమ్మ అంగడికి వచ్చింది. పూలతో పాటు మన కప్పులను విడిగా ఒకటీ రెండూ అమ్ముకుంటుందే, ఆమె. కొంగులోంచి సగం కాలిన కప్పు తీసి నా ముందర పెట్టింది.

"ఏం లక్ష్మక్కా, మీ సాంబ్రాణి ఇట్ల చెడిపోయిండాది? వెలిగిస్తే రబ్బరు కాలిన కంపు. కొన్నామె నా బుట్టలోకి విసిరేసి పోయింది."

చేతిలోకి తీసుకొని విరిచి చూశాను. బొగ్గుపొడి సగం, రంపపు పొట్టు సగం. "ఇది మాది కాదు గంగమ్మా" అన్నాను.

"ముక్కుండాది కదా. ముక్కుంటే మీదే."

"ఎక్కడ కొన్నావు?"

"ఎవురో ఆటోలో తెచ్చి ఇచ్చిపోయినాడు. మీ మనిషే అనుకొంటి. పేరు చూసి తీసుకొనేకి నేనేమన్నా చదువుకొన్నానా అక్కా? ముక్కు చూసి తీసుకొంటి."

మంచి కప్పులు పది ఇచ్చి పంపాను.

ఊరి అవతల ఎవరో మన కప్పు లాంటి అచ్చు చేయించి అమ్ముతున్నారని మావాడు మోహన్‌కుమార్ కనుక్కొని వచ్చాడు. మన పేరును మీ తమ్ముడు ఎప్పుడో రిజిస్టర్ చేయించారు. కానీ ఆ పేరుతో అడిగేవాళ్ళు ఎవరు? మూడు వంతుల్లో రెండు వంతులు ప్యాకెట్ లేకుండా విడిగానే పోతాయి. గుండ్రటి కప్పు అంచును ఒకచోట నొక్కి పిట్టముక్కులాగా లాగింది ఉంటుందే, అదే మన పేరు. మోహన్‌తో చదువుకున్న రంజిత ఇప్పుడు మారతహళ్ళిలో లాయరు. ఆ ముక్కు ఆకారాన్నే ట్రేడ్‌మార్క్‌గా రాయించుకోవచ్చని చెప్పి, కప్పుకు ఐదు వైపుల నుంచీ ఫోటోలు తీసి దరఖాస్తు పెట్టింది.

ఆ ముక్కు ఎట్లా పుట్టిందో మొదట చేసినవాళ్ళ నోట వినాలట. మొదట నొక్కింది మీరే. నేను కొత్తకోడలిగా వచ్చినప్పుడు నా కప్పులు పగిలి అత్తమ్మ చేత తిట్లు తింటుంటే, మీరు నావి కూడా తీసుకొని నొక్కి, మీ వాటితో కలిపి పెట్టేవారు. ఆ సంగతి నేను ఇప్పటికీ అందరికీ చెబుతుంటాను. కానీ అసలు ఎందుకు నొక్కారో ఎప్పుడూ అడగలేదు. నాలుగు మాటలు రాయండి.

మీ మునిలక్ష్మి


శిడ్లఘట్ట
ఫిబ్రవరి 6

మరదలు మునిలక్ష్మికి, పాపక్క దీవించి రాసేది.

నీ ఉత్తరం అందింది. ముక్కుకు ఐదు వైపుల నుంచీ ఫోటో తీశారా? నా పెళ్ళిలో నాకు ఒక్క వైపే తీశారు, అదీ కళ్ళు మూసుకున్నప్పుడు.

ఎవడో కాపీ కొట్టాడని బాధపడవద్దు. మంచి సరుకు ఉన్నచోట ఇట్లాంటివి ఉంటాయి. పేరు ఇంకొంచెం పెద్ద అక్షరాలతో వేయించండి. గంగమ్మకు ఒక అట్ట ముక్క రాసివ్వండి, బుట్టకు కట్టుకుంటుంది.

ముక్కు ఎందుకంటే ఏం చెప్పేది? వయసులో ఉన్నప్పుడు చేయి ఊరికే ఉండదు. ఏదో తోచింది, నొక్కాను. దానికి ఒక కథ ఎక్కడినుంచి తెచ్చేది?

ఇక్కడ పట్టుగూళ్ళ ధర బాగుందని మీ అన్నయ్య సంతోషంగా ఉన్నారు. నేత్రావతికి బడిలో పరీక్ష పేపర్లు దిద్దే పని. మార్చిలో నిమ్మకాయ ఊరగాయ పెడతావు కదా, నాకొక సీసా పంపు. కారం తగ్గించి.

పాపక్క


కాటన్‌పేట
ఏప్రిల్ 24

వదినకు, మునిలక్ష్మి దండాలు.

ఊరగాయ అందిందని నేత్రావతి చెప్పింది. ఇది ఆ సంగతి కాదు, కొంచెం ఇబ్బందిలో రాస్తున్నాను.

మన దరఖాస్తును చూసిన ఆఫీసువాళ్ళు అభ్యంతరం రాశారు. ఒక వస్తువు ఆకారం ఏదైనా పనికి ఉపయోగపడేదైతే దాన్ని ట్రేడ్‌మార్క్‌గా ఇవ్వరట. రంజిత నాకు అర్థమయ్యేలా చెప్పింది.

"ఆంటీ, బండి చక్రం గుండ్రంగా ఉంటేనే కదా తిరిగేది. ఆ గుండ్రం నాది అని ఒకరు రాయించుకుంటే మిగిలినవాళ్ళు బండి ఎట్ల చేస్తారు? ట్రేడ్‌మార్క్ అయితే పదేళ్ళకొకసారి రెన్యూ చేసుకుంటూ ఎప్పటికీ పెట్టుకోవచ్చు. అందుకే పనికొచ్చే షేప్ ఎవ్వరికీ ఇవ్వరు. అది అందరిదీ."

"కొత్త డిజైన్ అని ఇంకో రకంగా రాయించవచ్చు కదా" అని మోహన్ అడిగాడు.

"కొత్తదైతే కదా. మీది ఇరవై ఎనిమిదేళ్ళుగా ఊరంతా చూసింది. ఆ దారి మూసుకుపోయింది."

మన ముక్కు పనికొచ్చేదని ఆఫీసువాళ్ళకు ఎట్లా తెలిసిందని అడిగాను. రంజిత మన ప్యాకెట్‌నే తిప్పి చూపించింది. దాని వెనక ఉంది కదా, 'ముక్కు దగ్గర వెలిగించండి, చిటికెలో అంటుకుంటుంది' అని. దరఖాస్తుతో పాటు ప్యాకెట్ ఫోటో మనమే పంపాము.

ఆ మాట రాయించింది నేనే వదినా. ప్యాకెట్లు మొదలుపెట్టినప్పుడు ప్రెస్సు అతను వెనక వైపు ఖాళీగా ఉందంటే, మీరు అత్తమ్మతో అన్న మాట గుర్తుకు వచ్చి గొప్పగా చెప్పాను. పద్దెనిమిదేళ్ళుగా అదే అచ్చు వేయిస్తున్నాము. మన నోటితో మనమే ముక్కును అందరికీ ఇచ్చేశామని మీ తమ్ముడు అంటున్నారు.

జవాబు ఇవ్వడానికి నెల గడువు ఉంది. ఒకటే అడుగుతాను. ముక్కు దగ్గర తొందరగా అంటుకుంటుందన్నది నిజమేనా? నిజమైతే దరఖాస్తు వెనక్కి తీసుకుంటాము. దేవుడి ముందర వెలిగించే వస్తువు కోసం అబద్ధం రాయించను. కాకపోతే ఆ మాట ఎందుకు అన్నారో చెప్పండి.

మునిలక్ష్మి


శిడ్లఘట్ట
మే 2

మునిలక్ష్మికి,

నిజమే. తొందరగా అంటుకుంటుంది. అదే రాసి పంపండి.

పోతే పోనీ ముక్కు. సరుకు మంచిదైతే నున్నటి కప్పు కూడా అమ్ముడుపోతుంది. ఆ రోజుల్లో అమ్మతో అన్న మాటలన్నీ ఇప్పుడు ఆఫీసు కాగితాల్లోకి ఎక్కించవద్దు. నన్ను ఇందులోకి లాగవద్దు. ఒంట్లో బాగుండటం లేదు.

పాపక్క


కాటన్‌పేట
మే 20

వదినకు, మునిలక్ష్మి దండాలు.

మీ ఒంట్లో బాగాలేదని రాశారు. నేత్రావతిని అడిగితే "అమ్మ బాగానే ఉండాది అత్తా, మాటలే తగ్గినాయి" అంది. మీ పేరు మీద అర్చన చేయించి, కుంకుమ ఈ కవరులో పెట్టాను.

మీ మాట కాదని కాదు. కానీ నా మనసు ఒప్పుకోలేదు. శనివారం నామాలు చదువుకొని లేచాక, పాత చెక్క అచ్చుతో ముందే చేసి ఆరబెట్టిన ముక్కు లేని కప్పులు పది, ముక్కున్నవి పది, మిద్దె మీద వరుసగా పెట్టాను. మీ తమ్ముడు గడియారం పట్టుకున్నారు.

"ఇరవై ఎనిమిదేండ్లు సాంబ్రాణి అమ్మి, ఈ పొద్దు అది ఎట్ల కాలుతాదో చూస్తా ఉండాము. ఎవురికన్నా చెప్తే నవ్వుతారు" అన్నారు.

"మీరు నవ్వకుండా టైం చూడండి" అన్నాను.

ముక్కు పలుచన కదా, నిప్పు చూపించగానే అంటుకుంటుంది. కానీ అంచుకు పాకేలోపల ఆరిపోతుంది. మళ్ళీ వెలిగించాలి. మొత్తం మీద రెండూ ఒకటే. ఒకటి రెండు ముక్కు కప్పులకైతే ఎక్కువ సేపే పట్టింది. నేను రోజూ ఇంట్లో వెలిగిస్తాను, ఎప్పుడూ గమనించలేదు. మీరు చెప్పారు కాబట్టి అంతే అనుకున్నాను.

రంజిత దీన్ని పరీక్షలు చేసి కాగితం ఇచ్చేచోట మళ్ళీ చేయించింది. అక్కడా అదే తేలింది. ఆ కాగితం, అంగళ్ళవాళ్ళ మాటలు, గంగమ్మ వేలిముద్రతో ఆమె మాట, అన్నీ కలిపి జవాబు పంపాము. గంగమ్మ ఏం చెప్పాలా అని ఆలోచించలేదు. "ముక్కుంటే వాళ్ళదే అని రాసుకోమ్మా, ఇంకేముండాది" అంది.

ఇక విచారణ ఉంటుంది. వెలిగించడానికి కాకపోతే మరి ఎందుకు నొక్కారని అక్కడ తప్పకుండా అడుగుతారట. మోహన్ "అందం కోసమని రాద్దాం" అన్నాడు. రంజిత అదీ కుదరదంది. ఆ అందం కోసమే జనం కొంటున్నారని తేలితే అప్పుడూ ఇవ్వరట. ఉపయోగమూ కాకూడదు, అందమూ కాకూడదు, ఇది ఫలానావాళ్ళదని చెప్పే గుర్తు మాత్రమే కావాలి.

"అత్త పేరు మీద ఏదో ఒకటి రాసి సంతకం తీసుకొందామమ్మా, ఆమెకు ఏం గుర్తుంటాది" అని మోహన్ అన్నాడు. వాడిని కసిరాను. మీ పేరు మీద మీరు చెప్పని మాట ఒక్కటి కూడా పోదు.

ఆ రోజు అత్తమ్మతో అట్లా ఎందుకు అన్నారో నాకు తెలీదు. మిమ్మల్ని తప్పు పట్టడానికి అడగటం లేదు. మీకు రాయాలనిపించినప్పుడే రాయండి. నేను ఎదురుచూస్తాను.

మీ మునిలక్ష్మి


శిడ్లఘట్ట
జూలై 14

మునిలక్ష్మికి, పాపక్క రాసేది.

కుంకుమ అందింది. రెండు నెలలు జవాబు రాయలేదు. మూడుసార్లు మొదలుపెట్టి చించేశాను. నేత్రావతి చెత్తబుట్ట చూసి "ఎవురికమ్మా ప్రేమలేఖలు" అని అడిగింది.

నువ్వు మా ఇంటికి వచ్చిన ఏడు, మీ అన్నయ్యకు పని లేక నేను పుట్టింట్లోనే ఉన్నాను. పెళ్ళయిన కూతురు పుట్టింట్లో కూర్చొని తింటుంటే ఎవరూ ఏమీ అనరు. ఏమీ అనకుండా చూడటమే కష్టం. అందుకే పొద్దున్నించీ సాయంత్రం వరకు కప్పులు చేసేదాన్ని. నేను ఇన్ని చేశానని అమ్మకు తెలియాలి.

నువ్వు నీళ్ళు ఎక్కువ పోసి పిండి కలిపేదానివి. ఎండలో పెడితే పగిలేవి. ఇద్దరివీ ఒకే చాప మీద ఆరేవి. సాయంత్రం అమ్మ వచ్చి పగిలినవి ఏరి కుప్ప వేసి, "ఇవి ఎవురివే" అనేది. నువ్వు తల వంచుకునేదానివి. నేనూ వంచుకోవాల్సి వచ్చేది. ఏవి ఎవరివో తెలియదు కదా.

ఒకరోజు నేను నా కప్పులన్నిటికీ అంచు నొక్కాను. ఇవి నావి, ఇవి పగలవు, పగిలినవన్నీ దానివి అని అమ్మకు తెలియడానికి. నోటితో చెప్పకుండా చెప్పడానికి.

అమ్మ చూసి "ఏమే ఈ వంకర" అంది. "ముక్కు దగ్గరైతే బిరీన అంటుకొంటాదమ్మా" అన్నాను. ఆ క్షణానికి నోటికి వచ్చిన మాట అది. నువ్వు పక్కనే ఉన్నావు. నమ్మావు. ప్యాకెట్ మీద కూడా వేయించావు.

ఆ తర్వాత తిట్లన్నీ నీ ఒక్కదానికే. పది, పదిహేను రోజులు. నువ్వు నీళ్ళతొట్టి దగ్గర మొహం కడుక్కుంటూ ఉండేదానివి. రోజుకు అన్నిసార్లు ఎవరూ కడుక్కోరు. నేను చూస్తూనే నొక్కుతూ ఉన్నాను.

ఆ తర్వాత అన్నీ నొక్కడం మొదలుపెట్టాను, నీవీ నావీ. ఎందుకని అడగవద్దు, మొదలుపెట్టాను, అంతే. నువ్వు ఆ రెండో సగాన్నే పట్టుకొని, మా వదిన దేవత అని ఊరంతా చెప్పుకుంటూ వచ్చావు. మోహన్ పెళ్ళిలో బంధువులందరి ముందర చెప్పావు. ఆ రోజు నేను విస్తరి ముందర తల ఎత్తలేదు, నీకు గుర్తుందో లేదో.

నువ్వు అట్లా చెప్పడం నాకు బాగుండేది. అది పోతుందనే ఇన్నాళ్ళూ దాచాను. ముక్కు పోయినా ఫరవాలేదు, ఇది బయటికి రాకూడదనుకున్నాను. నువ్వేమో ఎదురుచూస్తానని రాశావు.

ఇప్పుడు నీకు తెలిసింది. ఇక నీ ఇష్టం.

పాపక్క


కాటన్‌పేట
జూలై 19

వదినకు, మునిలక్ష్మి కాళ్ళు మొక్కి రాసేది.

మీ ఉత్తరాన్ని దేవుడి గదిలో కూర్చొని చదివాను. అన్నీ ఎందుకు నొక్కడం మొదలుపెట్టారో అడగవద్దన్నారు. అడగను. మీరు దాటేసిన చోటు నాకు తెలుసు. అది నేనే రాస్తాను.

మీ నొక్కు అత్తమ్మకు ఏం చెబుతోందో నాకు నాలుగో రోజుకే అర్థమైంది. వెలిగించడానికని మీరు చెప్పింది నమ్మాను, నిజమే. కానీ అత్తమ్మ నొక్కు ఉన్నవాటి జోలికి పోదని కూడా చూశాను. ఒక మధ్యాహ్నం మీరు అన్నానికి కిందికి దిగారు. నా వరుసలో ఏడు కప్పులు సన్నగా నెర్రె విడుస్తున్నాయి. బొటనవేలు నీళ్ళలో తడుపుకొని ఆ ఏడింటికీ మీలాగానే అంచు నొక్కి, మీ వరుసలో పెట్టాను.

సాయంత్రం అత్తమ్మ వాటిని ఏరింది. "కూర్చొని తినేది నా ఇంట్లో, చేసే పని ఇట్లనా? నీ మొగునికి పని లేదు, నీ చేతికీ లేదు" అంది. మీరు ఒక్కమాట కూడా అనలేదు. నా వైపు చూడను కూడా లేదు. మరుసటి రోజు నుంచి అన్ని కప్పులకూ నొక్కు పడింది.

మీకు తెలుసో తెలియదో నాకు ఇప్పటికీ తెలియదు. ఇరవై ఎనిమిదేళ్ళు ప్రతి శనివారం దేవుడికి చెప్పుకున్నాను, మీకు తప్ప. మీ మంచితనం నలుగురికీ చెప్పుకుంటే నా తప్పు కొంచెం తీరుతుందనిపించేది. అది మిమ్మల్ని విస్తరి ముందర తల ఎత్తకుండా చేసిందని ఇప్పుడు తెలిసింది. నన్ను మన్నించండి.

ఆటోలో వచ్చి గంగమ్మకు దొంగ కప్పులు అమ్మినవాడిని ఈ ఆరు నెలల్లో చాలాసార్లు తిట్టుకున్నాను. తిట్టుకున్న ప్రతిసారీ నా బొటనవేలు గుర్తుకు వచ్చింది. వాడికంటే ముందు ఆ పని చేసింది నేను.

రంజితతో నా సంగతి మాత్రం చెప్పాను. మీరు ఎందుకు నొక్కారో చెప్పలేదు. మా వదిన కప్పులకు నొక్కు ఉండేది, దాన్ని నేను దొంగిలించాను అన్నాను. ఇక దరఖాస్తు చెల్లదేమో అనుకున్నాను. ఆ పిల్ల రాయడం ఆపి నన్ను చూసింది.

"ఆంటీ, అర్థం లేనిదాన్ని ఎవరూ కాపీ కొట్టరు. మీరు కొట్టారంటే, ఆ నొక్కు చూసి ఇది ఎవరి చేతిదో మీ అత్తగారు గుర్తుపట్టేవారన్న మాట. నేను ఆరు నెలలుగా ప్రూఫ్ కోసం వెతుకుతున్నది ఇదే. ఇది గుర్తుగానే పుట్టింది."

మీరొకటి, నేనొకటి అఫిడవిట్ ఇవ్వాలట. ఇస్తే మోహన్ చదువుతాడు, మీ తమ్ముడు చదువుతారు, ఆఫీసులో ముక్కూ మొహం తెలియనివాళ్ళు చదువుతారు. మీరు వద్దంటే మాని, ముక్కును వదిలేద్దాం. గంగమ్మకు అట్ట ముక్క రాసిస్తాను. మోహన్‌కు ఏదో ఒకటి చెప్పుకుంటాను. మీ మాటే చివరిది.

మునిలక్ష్మి


శిడ్లఘట్ట
జూలై 27

మునిలక్ష్మికి, పాపక్క దీవించి రాసేది.

తెలుసు. ఆ రోజే తెలుసు. నేను పైపైన నొక్కేదాన్ని. నీవి లోతుగా ఉన్నాయి, భయపడిన చేయి ఒత్తినట్టు. అమ్మ తిడుతున్నప్పుడు ఆ ఏడింటినీ చూస్తూ నిలబడ్డాను.

చెప్పి ఉంటే అమ్మ నిన్ను మీ ఊరికి పంపించేది. అప్పుడు నువ్వు మీ అమ్మ ఇంట్లో, నేను మా అమ్మ ఇంట్లో. ఆ బతుకు ఎట్లా ఉంటుందో నాకు తెలుసు కాబట్టి నోరు మెదపలేదు. మంచితనమని అనుకోవద్దు. నిన్ను ఆ పనికి దిగేలా చేసింది నేనే కదా. ఇరవై ఏళ్ళ పిల్లవి, దొంగతనం నేర్పించాను.

మన్నించమని రాశావు. ఎవరు ఎవరిని మన్నించేది? లెక్క తేలదు. వదిలెయ్యి.

నిన్న నేత్రావతిని తీసుకొని నోటరీ దగ్గరికి పోయాను. అతను చదివి వినిపించాలట. నాకు వినపడదని గట్టిగా చదివాడు. బయట బెంచీ మీద కూర్చున్నవాళ్ళంతా విన్నారు. వీధికి తెలియకూడదని నువ్వు జనవరిలో ఉత్తరం రాస్తే, జూలైలో నేను తాలూకాఫీసు ముందర చెప్పించుకున్నాను. నేత్రావతి ఆటోలో నా చేయి పట్టుకొని కూర్చుంది.

కాగితం ఇందులో పెట్టాను. నువ్వు చదివినదే, ఒక్క మాట తగ్గించలేదు. అత్త కాగితాన్ని నెమ్మదిగా చదవమని మోహన్‌కు చెప్పు.

పాపక్క


కాటన్‌పేట
అక్టోబరు 9

వదినకు, మునిలక్ష్మి దండాలు.

నిన్న విచారణ జరిగింది. ఎక్కడికో పోవాలనుకున్నాను. రంజిత ఆఫీసులోనే, కంప్యూటర్ ముందర. స్నానం చేసి, పట్టుచీర కట్టుకొని పోయాను. తెర మీద అధికారి నన్ను చూడనే లేదు, కాగితాలు చూస్తూ ఉన్నారు. అంతా ఇంగ్లీషు. నేను ఆయన మొహం చూస్తూ కూర్చున్నాను.

మొదట ప్యాకెట్ వెనక ఉన్న మాట గురించి గట్టిగా అడిగారు. మీరే పనికొస్తుందని రాసుకున్నారు కదా అని. రంజిత పరీక్ష కాగితం చూపించింది. నేను పక్కనుంచి "తెలియక వేయించాను సార్, తప్పే" అన్నాను. రంజిత దాన్ని ఇంగ్లీషులో చెప్పిందో లేదో తెలియదు. ఆ తర్వాత మన రెండు కాగితాలూ చదివారు. చాలాసేపు చదివారు. ఆయన మొహం కొంచెం మారింది.

ఒక ప్రశ్న అడిగారు. రంజిత నా వైపు తిరిగి, "మీరిద్దరూ ఇప్పుడు మాట్లాడుకుంటున్నారా అని అడుగుతున్నారు ఆంటీ" అంది.

"ఆమెకు వినపడదు, ఉత్తరాలు రాసుకుంటాము" అన్నాను.

ఈ రోజు ఉత్తర్వు వచ్చింది. ముక్కు వెలిగించడానికి కాదని, ఇన్నేళ్ళ వాడుకలో అది మన సరుకును గుర్తుపట్టించేదిగా నిలబడిందని ఒప్పుకున్నారు. మొత్తం కప్పు మనది కాదు. గుండ్రటి కప్పు ఎవరైనా చేసుకోవచ్చు. అంచున ఆ నొక్కు ఒక్కటే మనది. నాకు అది న్యాయంగా తోచింది. ఇక దాన్ని వాళ్ళ ట్రేడ్‌మార్క్ జర్నల్‌లో వేస్తారు. అప్పటినుంచి నాలుగు నెలల్లోపల ఎవరైనా రాతలో అభ్యంతరం చెప్పుకోవచ్చు. లేకపోతే రిజిస్టర్ అయినట్టే. ఆ ఆటో మనిషి అభ్యంతరం చెబుతాడేమో, చెప్పనీ. రంజిత తయారుగా ఉంది.

విచారణకు ముందే, మిగిలిన ప్యాకెట్ల మీద ఆ అబద్ధపు వాక్యం కనిపించకుండా, పనివాళ్ళం అందరమూ కూర్చొని తెల్లకాగితం అంటించాము. నాలుగు రోజులు పట్టింది.

ఇంట్లో సంగతి రాయాలి కదా. మోహన్ మీ కాగితం చదివి లేచి లోపలికి పోయాడు. కాసేపటికి నాకు కాఫీ కలిపి తెచ్చి పెట్టాడు. వాడు కాఫీ పెట్టడం నేను చూడటం ఇదే మొదలు, చక్కెర మరిచిపోయాడు. మీ తమ్ముడు రెండుసార్లు చదివారు.

"మా అమ్మ ఇంత గట్టిదా?" అన్నారు.

"మీకు తెలీదా?"

"నాకు ఎప్పుడూ నెయ్యేసే అన్నం పెట్టేది" అన్నారు. ఆ రోజు అన్నంలోకి నెయ్యి వద్దన్నారు.

నేను ఇక మా వదిన దేవత అని ఎవరికీ చెప్పను. మా వదిన అని చెబుతాను.

మీ మునిలక్ష్మి


శిడ్లఘట్ట
నవంబరు 30

మరదలు మునిలక్ష్మికి, పాపక్క దీవించి రాసేది.

జర్నల్‌లో వేశారని నేత్రావతి ఫోనులో పెద్దది చేసి చూపించింది. నున్నటి కప్పంతా చుక్కల గీతతో, నొక్కు ఒక్కటే గట్టి గీతతో వేశారు. కింద మీ అంగడి పేరు, కాటన్‌పేట అడ్రసు. నా పేరు లేదు, నీ పేరూ లేదు. అదీ మంచిదే. ఇద్దరిలో ఎవరి వేలో ఆ బొమ్మలో తెలియదు.

నాలుగు నెలల్లోపల ఎవరికైనా అభ్యంతరం ఉంటే రాతలో చెప్పాలని నువ్వు రాశావు. ఎవరైనా చెప్పుకోవచ్చు అంటే అందులో నేనూ ఉన్నాను కదా. అందరికంటే ముందు అడగాల్సింది నన్నే. అందుకని గడువు అయ్యేవరకు ఆగకుండా ఇప్పుడే రాతలో ఇస్తున్నాను, దాచిపెట్టుకో.

నాకు అభ్యంతరం లేదు.

పాపక్క